ఉస్తాద్ వచ్చే రోజు

సూది కన్నంలోకి దారం ఎంతకీ దూరలేదు. దర్జీ విసుక్కుని దారం కొస నోట్లో పెట్టుకున్నాడు. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. ఫజర్ నమాజు కాగానే పిల్లలు మళ్ళీ దుప్పట్లలో దూరారు. తనకు నిద్ర పట్టదని తెలిసి అతను మిషను ముందు కూర్చున్నాడు.

సాయంత్రం ఉస్తాద్ వస్తున్నారు. ఖురాన్ మొత్తం కంఠస్థమైందో లేదో ఆయనే చూడాలి. ఎక్కడపడితే అక్కడ నుంచి అడుగుతారు. పుస్తకం చూడకుండా అందుకోవాలి. పోయినసారి ఒకచోట తడబాటు వచ్చి పారాయణం ఆగిపోయింది. ఇంకొంచెం గట్టిపడాలి అని నవ్వి వెళ్ళిపోయారాయన. ఇప్పుడు కూతురి దగ్గరికి మకాం మార్చేస్తున్నారట. ఇవాళ తప్పితే ఆయనకు వినిపించే అవకాశం మళ్ళీ రాదు.

దర్జీ కూడా చిన్నప్పుడు ఆయన ముందు చాప మీద కూర్చున్నవాడే. తండ్రి పోవడంతో ఇంటి భారం, మిషను రెండూ మీద పడ్డాయి. చదువు సగంలో ఆగింది. మిగిలిన ఆ సగం ఈ ఇంట్లోనే పూర్తి కావాలని అతని కోరిక.

భార్య టీ గ్లాసు తెచ్చి పక్కన పెట్టింది. ఇంకా దారం ఎక్కని సూదిని చూసి నవ్వు ఆపుకుంది.

"పిల్లలకి లేని కంగారు మీకెందుకండీ?"

అతను సూది పక్కన పెట్టి టీ గ్లాసు అందుకున్నాడు.

ఆ ఇంట్లో పిల్లలు బడికి వెళ్ళరు. ముందు గది దుకాణం, నడిమి గది బడి. రెంటికీ మధ్య ఒక పరదా. ఆమె ఒకప్పుడు బళ్ళో లెక్కలు చెప్పేది. ఇప్పుడు ఇద్దరాడపిల్లలకీ అన్నీ తనే చెబుతుంది. గంట కొట్టేవాళ్ళు లేరు. నమాజు వేళలే వాళ్ళ పీరియడ్లు.

పొద్దున భిన్నాల పాఠం. చిన్నది మిగిలిన గుడ్డ ముక్కల్ని సగాలూ పావులూ చేసి నేలంతా పరిచింది. అర, పావు కలిస్తే ముప్పావు అని తేలాక, ఆ జ్ఞానాన్ని పరీక్షించుకోవడానికి టేపు పట్టుకుని దుకాణంలోకి వచ్చింది. అక్కడ ప్యాంటు కొలతలివ్వడానికొచ్చిన పెద్దమనిషి ఒకాయన, బడికి పంపకుండా పిల్లలకి ఇంట్లో ఏం వస్తుందని దర్జీని నిలదీస్తున్నాడు. చిన్నది ఆయన నడుం చుట్టూ టేపు తిప్పి, ఆయన చెప్పిన కొలత కన్నా ఎంత ఎక్కువుందో అందరికీ వినపడేలా చదివింది. టేపు సాగిపోయి ఉంటుందన్నాడాయన. సాగితే తక్కువ చూపిస్తుంది కదా అంది చిన్నది. ఆయన ఇక చదువుల సంగతి ఎత్తలేదు.

మధ్యాహ్నం జుహర్ అయ్యాక ఖురాన్ పాఠం అప్పజెప్పే వేళ. పెద్దమ్మాయి చెక్కపీట మీద ఖురాన్ పెట్టుకుని, ఇస్త్రీ బల్ల పక్కన చాప పరిచింది.

"ఈ కాలరొక్కటి అయిపోనీ అమ్మా," అన్నాడు దర్జీ.

"నిన్న కూడా కాలరే అన్నావు నాన్నా. ఆ చొక్కాకి ఎన్ని మెడలు?"

అతను ఇంకా తొక్కుతూనే ఉన్నాడు. పెద్దమ్మాయి వంగి మిషను లోంచి బాబిన్ ఊడదీసి గుప్పిట్లో పెట్టుకుంది. ఇక చేసేదేం లేక వచ్చి చాప మీద కూర్చున్నాడు.

పారాయణం చక్కగా సాగింది. పరదా వెనక భార్య కూడా కూర తరగడం ఆపి వింటోంది. కానీ ఒక గండం ఉంది. ఒకే వాక్యం రెండు అధ్యాయాల్లో వస్తుంది. మొదలు ఒకటే, ఆ తర్వాత దారులు వేరు. కాస్త ఏమరుపాటుగా ఉంటే ఒక సూరాలో బయల్దేరి ఇంకో సూరాలో తేలాల్సిందే. ఇవాళా అదే అయింది. ఆ మలుపు దగ్గర పారాయణం పక్కవీధిలోకి తిరిగిపోయింది.

పెద్దమ్మాయి నుదురు కొట్టుకుంది. "మళ్ళీ అక్కడే నాన్నా."

"చూస్తూ ఉండు, సరిగ్గా అక్కడే అడుగుతారు," అన్నాడు దర్జీ దిగులుగా.

"అడగనీ. ముందు ఇంకోసారి."

ఇంకోసారి అయింది. సాయంత్రం అసర్ నమాజు దాకా అదే మలుపు, అదే సందు. చివరికి చిన్నది పరదా లోంచి తల బయటపెట్టి, కావాలంటే తను చెబుతానంది. విని విని దానికీ వచ్చేసింది.

పొద్దుగూకి మగ్రిబ్ నమాజు అయ్యాక ఉస్తాద్ వచ్చారు. బాగా పెద్దవారైపోయారు. గోడకు ఆనుకుని కూర్చుని, మంచినీళ్ళు తాగి, ఆయాసం తీర్చుకున్నారు. ఇంటిల్లిపాదీ చాప మీద చేరారు.

ఆయన ఒక చోటు అడిగారు. పారాయణం మెల్లగా మొదలై, తర్వాత కుదురుకుంది. ఇంకో చోటు అడిగారు. అదీ సాగింది. మూడోసారి ఆయన కాసేపు ఆలోచించి, ఆ మలుపుకి కాస్త ముందున్న వాక్యం ఎత్తుకున్నారు.

దర్జీ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. భార్య పెదవులు దుఆలో కదులుతున్నాయి. తనకు తెలిసింది ఎక్కడ బయటికి తన్నుకొస్తుందోనని చిన్నది రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

మలుపు దగ్గర పారాయణం నెమ్మదించింది. ఒక్క ఊపిరి పాటు ఆగింది. సరైన దారి పట్టింది. ఇక సూరా చివరిదాకా ఎక్కడా ఆగలేదు.

"అల్‌హందులిల్లాహ్," అన్నారు ఉస్తాద్. "ఇక నేను నిశ్చింతగా బయల్దేరతాను."

పెద్దమ్మాయి అప్పటిదాకా వేలితో వరుసలు వెంబడిస్తూ వచ్చిన ఖురాన్‌ని మూసి, ఉస్తాద్ ఎదుట మోకాళ్ళ మీద కూర్చున్న తన శిష్యుడి తడిసిన చెంపలు చున్నీ కొసతో తుడుస్తూ, "ఒక్క తప్పూ లేదు నాన్నా," అంది.