గద్ద ఆట

"ఏంది తాతా, మళ్ల వచ్చినవా?"

ప్రశాంతి గొంతు వినగానే లింగమూర్తి చేతిలోని విజిల్‌ను గబుక్కున జేబులో దాచుకున్నాడు.

దాచి ఏం లాభం? పదకొండు మంది పిల్లలూ అప్పటికే బడి వాకిట్లోంచి ఉరికి, పక్కన పడి ఉన్న పెద్ద సిమెంటు పైపులో దూరిపోయారు. తలల మీద చేతులు పెట్టుకుని, నవ్వు ఆపుకుంటూ కూర్చున్నారు.

మాదాపూర్ గుట్టల్ని పగలగొట్టి అద్దాల మేడలు లేపుతున్న రోజులవి. కూలీల పిల్లల కోసం రేకుల షెడ్డులో చిన్న బడి పెట్టారు. టీచరమ్మ ప్రశాంతి మూసాపేట నుంచి రెండు బస్సులు మారి వస్తుంది. ఏనుగు నడక, కుందేలు గంతు, కప్ప ఆట... అన్నీ ట్రైనింగులో నేర్చుకుని, చార్టు మీద బొమ్మలు కూడా వేసుకుంది.

పిల్లలకు మాత్రం ముసలాయన గద్ద ఆటే కావాలి.

మూడు విజిళ్లు వినిపిస్తే గద్ద వచ్చినట్టు. కోడిపిల్లలన్నీ పైపులోకి ఉరకాలి. నాలుగో విజిల్ దాకా తల బయట పెట్టకూడదు.

రోజూ గీసుకుపోయిన మోకాళ్లు చూసి ప్రశాంతికి ఒళ్లు మండేది. అతనెవరో ఆమె ఎన్నడూ అడగలేదు.

"జర ఒక్క మాట విను బిడ్డా. గది ఒట్టి ఆట గాదు..."

"ఆటలు నేర్పనీకె నేనున్న. ఇగ రాకు."

మేస్త్రీ నరేందర్‌కు చెప్పి, గేటు దగ్గరే ఆపించింది. ముసలాయన రెండు రోజులు బయటే నిలబడి చూశాడు. మూడో రోజు రాలేదు. హమ్మయ్య అనుకుంది.

ఆ వారమే నాగేశ్వరి వచ్చింది. ఐదేళ్ల పిల్ల. అమ్మానాన్నలతో ముందురోజు సాయంత్రమే పాలమూరు బస్సు దిగింది.

మధ్యాహ్నం వాకిట్లో కప్ప ఆట మొదలైంది. కొత్తపిల్ల అందరికంటే బాగా గెంతుతోంది. ప్రశాంతికి ముచ్చటేసింది.

అంతలో ఎక్కడినుంచో విజిల్.

ఒకటి. రెండు. మూడు.

పదకొండు మందీ ఒక్కసారిగా లేచి పైపు వైపు ఉరికారు.

మళ్లీ ఆ ముసలాయనే! ప్రశాంతికి తిక్క రేగింది.

"ఆగుండ్రి! ఎవ్వరు కదలొద్దు. కప్పల్లెక్కనే కూసోవాలె!"

ఒక్కరూ వినలేదు. వాళ్లను బయటికి లాగుదామని తనూ వెనకే పరుగెత్తింది. పైపులోకి వంగిందో లేదో, భూమి అదిరింది. వాకిలంతా రాళ్లు కురిశాయి.

వెనక్కి తిరిగి చూసింది.

ఆమె మాట విన్నది నాగేశ్వరి ఒక్కతే.

దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది.

"రోజూ బడి ఇడిసినంకనే గుట్ట పేల్చేటోళ్లు మేడమ్" అన్నాడు నరేందర్, తల పట్టుకుని. "ఇయ్యాల పని తొందరుందని పగటీలే మందు వెట్టిండ్రు. మనకు చెప్పలే."

"మరి ఆ విజిల్... తాతది కాదా?"

"గుట్ట మీదిది. పేల్చే ముందర మూడు కొడ్తరు. అంత అయినంక ఒకటి."

ప్రశాంతి దవాఖాన మెట్ల మీద కూర్చుంది.

"ఆ తాత ఎవరు?"

"ఇరవై ఏండ్లు ఈ గుట్టలకు మందు వెట్టినోడే మేడమ్. పోయినేడు ఆయన పేల్చిన రాయే వచ్చి ఆయన మనవరాలికి తగిలింది... విజిల్ వింటే ఉరకాలని ఆ పిల్లకు ఎవ్వరు చెప్పలే."