ముద్ర పడని వేలు

“ఏంటమ్మా, ఏం చేశావో చూడు.”

వినోద్ కుమార్ గొంతుకి హాల్లో ఉన్నవాళ్లంతా వెనక్కి తిరిగారు.

గోడ మీద పెద్ద కాన్వాసు గుడ్డ. దాని మీద గీసిన ఆడమనిషి ముఖాన్ని చూడవచ్చినవాళ్లు నీలం రంగు వేలిముద్రలతో నింపాలి. కుడి కంటిపాప ఉండాల్సిన చోట మాత్రం ఎవర్నీ వెయ్యనివ్వొద్దని, తను వచ్చాక చెబుతానని, ముఖ్య అతిథిని తీసుకురావడానికి వెళ్తూ బొమ్మ గీసిన రూబీ వినోద్ కుమార్‌తో అంది.

వినోద్ కుమార్ తెనాలిలో డ్రాయింగు మాస్టారు. శిల్పుల ఊరివాడు. విగ్రహానికి చివర్న కన్ను తెరిచినట్టు ఈ కంటిపాపను ముఖ్య అతిథే వెయ్యాలని తనంతట తనే తేల్చుకున్నాడు. పెద్దమనిషికి తప్ప ఇంకెవరికి అట్టిపెడతారు?

అక్కడే ఇప్పుడు నీలం మరక. ఒక్క గీతైనా లేదు.

వేలు పెట్టినామెకి అరవై దాటి ఉంటాయి. వెలిసిన చీర, చేతిలో గుడ్డసంచి. వేళ్లు కాల్చిన వంకాయ తొక్కలా నల్లగా ఉన్నాయి.

“నా వేలంతేనండి. రేషన్ మిషనుకీ పడదు.”

“తెలిసీ ఎందుకు పెట్టావు? ఇది ఆర్టమ్మా. ఆడవాళ్ల కష్టం గురించి. చేతులు తుడుచుకునే గుడ్డ కాదు.”

ఎవరో కిసుక్కున నవ్వారు.

“రూబీ ఇక్కడే వెయ్యమందండి.”

“రూబీ అందర్నీ వెయ్యమంది. పక్కన బోలెడు చోటుంది కదా.”

ఆమె వేలిని కొంగుకి తుడుచుకుంది. బాపట్ల వైపు బండికి వేళైందని, అన్నమ్మ వచ్చి వెళ్లిందని రూబీకి చెప్పమని వెళ్లిపోయింది.

వినోద్ కుమార్ వేలితో తెల్లరంగు తీసి ఆ మరక మీద పూసేశాడు. బొమ్మను కాపాడానని కాస్త గర్వపడ్డాడు కూడా.

కాసేపటికి ముఖ్య అతిథిని వెంటబెట్టుకుని రూబీ వచ్చింది. వస్తూనే గుడ్డకేసి చూసింది.

“అన్నమ్మత్త రాలేదా మాస్టారూ?”

“ఆవిడా? వచ్చింది. కంట్లో మరక చేస్తే నేనే చెరిపేశాను. నీకేమవుతుంది?”

రూబీ మొహంలో రంగు మారింది.

“ఏమీ కాదండి. మా అమ్మ పోయాక వేటపాలెంలో జీడిగింజలు కొట్టడానికి వెళ్లాను. అక్కడ నా పక్కన కూర్చునేది.”

తన బొటనవేలు చూపించింది. లేతగా ఉంది. గీతలన్నీ చెక్కు చెదరకుండా ఉన్నాయి.

వినోద్ కుమార్ తల ఎత్తలేకపోయాడు. తెల్లరంగు అంటిన వేలిని ఎక్కడ దాచుకోవాలో తెలియక చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. బండి ఈపాటికి తెనాలి దాటిపోయి ఉంటుంది.

“జీడి రసం తగిలి కాలితే నీ వేళ్లు బొమ్మలకి పనికిరావే అని,” రూబీ మెల్లగా అంది, “నేనక్కడున్నన్నాళ్లూ నా వంతు గింజలు కూడా తనే కొట్టింది మాస్టారూ.”