రెండో పేజీ

లెలాండ్ మొదటి పేజీ ఒక్కటే తెచ్చాడు.

ఇన్సూరెన్సు ఆఫీసులో వెర్నా కళ్లజోడు ముక్కు మీదికి జార్చి, ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఊళ్లో సగం బండ్ల పాలసీలు ఆవిడ చేతి మీదుగా వెళ్లినవే. లెలాండ్ పదహారేళ్లప్పుడు గుద్దిన మొదటి కారు సంగతి కూడా ఆవిడకు గుర్తే.

"నువ్వు మిలిటరీ డ్యూటీకి వెళ్తున్నట్టు ఉంది. బానే ఉంది. తిరిగొచ్చేది ఎప్పుడో ఏదీ?"

"రెండో పేజీలో ఉందండీ. ఇంట్లో మర్చిపోయినట్టున్నాను. నవంబర్లో వచ్చేస్తాను, రాసేసుకోండి."

"నీ నోటిమాట మీద రాసుకుంటే నా ఉద్యోగం ఊడుతుంది నాయనా."

పక్క కుర్చీలో అతని భార్య కొరీన్ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పాలసీ ఇద్దరి పేరు మీదా ఉంది కాబట్టి ఇద్దరూ సంతకం పెట్టాలని వెర్నా ఫోన్లోనే చెప్పింది. లేకపోతే లెలాండ్ ఆమెను ఈ గుమ్మం తొక్కనిచ్చేవాడే కాదు. తను లేనన్నాళ్లూ ట్రక్కు షెడ్డులో పెడితే ప్రీమియంలో వచ్చే తగ్గింపు కోసం కక్కుర్తి పడ్డాడు గానీ, మిలిటరీ ఆర్డరు కాగితాలు చూపించాలని ముందు తట్టలేదు.

రెండో పేజీ ఇంట్లో లేదు. బయట నిలబెట్టిన ట్రక్కులోనే, డాష్‌బోర్డు అరలో ఉంది. అందులో తిరిగొచ్చే తారీఖుతో పాటు ఇంకో లైను కూడా ఉంది. "సైనికుడి సొంత కోరికపై."

మొగుడూ పెళ్లాలిద్దరూ అయోవా రాష్ట్రపు సైనిక దళం నేషనల్ గార్డులోనే ఉన్నారు. నెలకోసారి శని ఆదివారాలు డ్రిల్లు, మిగతా రోజులు మామూలు కొలువులు. అతను ధాన్యం గోదాముల్లో మెకానిక్కు. ఆమె పశువుల డాక్టరు దగ్గర పని చేస్తుంది. గార్డులో ఆమెది వేరే యూనిట్, వైద్య దళం. పోయినసారి అతను ఏడాది పాటు ఎడారిలో డ్యూటీ చేసి వచ్చాక, వంటింట్లో కూర్చుని ఒక ఒప్పందం చేసుకున్నారు. పిలుపు వస్తే ఎలాగూ తప్పదు. పిలవని పేరంటానికి మాత్రం ఎవరూ వెళ్లకూడదు.

"ఈసారి నీ అంతట నువ్వు పేరిచ్చి వెళ్లావో, తిరిగొచ్చేసరికి ఈ ఇంట్లో నేనుండను" అంది కొరీన్. అన్నంత పనీ చేసే మనిషి.

"నీకూ అదే మాట" అన్నాడు లెలాండ్. చేతులు కలుపుకున్నారు.

పోయిన డ్రిల్లులో సార్జెంటు, ఈసారి డ్యూటీకి వెళ్లే దళానికి మెకానిక్కులు ఇద్దరు తక్కువ పడుతున్నారన్నాడు. తన దగ్గర పని నేర్చుకున్నవాళ్లంతా వెళ్తుంటే తను ఇంట్లో కూర్చుని టీవీ చూడటమా? చెయ్యి దానంతటదే లేచింది. ఇంటికొచ్చి "పిలుపొచ్చింది" అని చెప్పాడు.

ఆమె "ఓహో" అని పొయ్యివైపు తిరిగింది.

తిట్టినా బాగుండేది. తిట్టలేదు. అప్పట్నించీ అడక్కుండానే అతనికిష్టమైనవన్నీ చేసి పెడుతోంది. పోర్కు శాండ్‌విచ్చి, పుల్లటి రూబార్బ్ కాడలతో చేసే తీపి పై. అతని బూట్లు తనే పాలిష్ చేసింది. లెలాండ్‌కి ముద్ద దిగడం లేదు. "వాళ్లకేం, ఒక ఉత్తరం ముక్క పడేస్తే చాలు" అని ఒకరోజు పైవాళ్లని తిట్టబోయాడు. ఆమె తల దించుకుంది. అది చూసి అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది.

"సరే, రేపు తెచ్చివ్వు" అంది వెర్నా. "ఈలోగా వినండి. ట్రక్కు షెడ్డులో ఉన్నన్నాళ్లూ వడగళ్లు పడినా, దొంగలెత్తుకుపోయినా మేం చూసుకుంటాం. రోడ్డెక్కించి గుద్దితే మాత్రం సెంటు కూడా రాదు. అమ్మాయ్, నీకే చెప్పేది. మొగుడు లేడు కదా అని అది వేసుకుని ఊరేగకు."

"రేపెందుకు? ఆ పేజీ ట్రక్కులోనే ఉంది" అంది కొరీన్.

లెలాండ్ కుర్చీ అంచుకు జరిగాడు. "ట్రక్కులోనా? లేదే."

"డాష్‌బోర్డు అరలో. నిన్న పొద్దున చూశాను."

"నువ్వు కూర్చో, నేను తెస్తాలే."

అప్పటికే ఆమె తలుపు దాటింది.

"ఏంటయ్యా, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటున్నావు?" అంది వెర్నా.

అతను కిటికీలోంచి చూస్తున్నాడు. నిన్న పొద్దున చూసిందట. అంటే నిన్న సాయంత్రం ఆ రూబార్బ్ పై చేసిపెట్టింది ఈ లైను చదివాకేనా? కొరీన్ ట్రక్కులో కూర్చుని ఎంతసేపటికీ దిగలేదు. ఒకసారి కోటు చేత్తో కళ్లు తుడుచుకుంది. తొమ్మిదేళ్ల కాపురం తన నోటితో తనే ముంచుకున్నాననుకున్నాడు. వెళ్లి క్షమించమని అడగాలనిపించింది గానీ కుర్చీలోంచి లేవలేకపోయాడు.

ఆమె వచ్చి ఆ పేజీ వెర్నా ముందు పెట్టింది. వెర్నా తారీఖు చూసుకుంది. ఆ కింద లైను కూడా చదివినట్టుంది, చిన్నగా దగ్గింది.

"కొరీన్, నన్నెవరూ పిలవలేదు" అన్నాడు లెలాండ్. "నేనే చెయ్యెత్తాను. నీతో అబద్ధం చెప్పాను."

"తెలుసు" అంది.  కోటు జేబు మీద చెయ్యి వేసుకుని కుర్చీలో కూర్చుంది.

వెర్నా గబగబా కీబోర్డు నొక్కింది. "ట్రక్కు సంగతి అయిపోయింది. ఇక నీ కారు, కొరీన్. దానికేం మార్పుల్లేవుగా, రోజూ నడిపేది నువ్వేగా?"

కొరీన్ మొగుడి వైపు చూడకుండా కోటు జేబులోంచి మడతపెట్టిన ఇంకో ఆర్డరు తీసి బల్ల మీద పరిచింది. దాని రెండో పేజీలోనూ అదే "సొంత కోరికపై" లైను ఉంది, పేరు ఆమెది, ఆర్డరు ఇచ్చిన తారీఖు మాత్రం అతనిదానికంటే పది రోజులు ముందుది.