పీట జారడానికి కారణం

ఒక చేతికి అలవాటైన పనిముట్టు మరో చెయ్యి సోకితే మొరాయిస్తుందని చేతిపనివారిలో చాలామంది నమ్ముతారు. పిడి చూడమని కబురు పెడితే వచ్చిన కొండపల్లి బొమ్మల పనివాడు లక్ష్మీకాంత్ ఆ మాటే అంటూ, బల్ల మీది క్లబ్ వారి పోటీ పిస్టల్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీన్ని ఇంకెవరో ముట్టుకున్నారు మాస్టారూ. అందుకే అలిగింది."

"చెక్కకు అలక ఉండదు," అన్నారు వెంకటసుబ్బారావు. ఆయన భౌతికశాస్త్రం బోధించి రిటైరైన లెక్చరరు. విజయవాడ శివార్లలోని ఆ షూటింగ్ క్లబ్‌లో సామగ్రి బాగోగులు ఇప్పుడు ఆయనవే. "జరిగింది చెప్పమ్మా, హెలెన్."

హెలెన్ రోజూ ఆఫీసు వదలగానే సాధనకు వస్తుంది. ఆదివారం జరిగే ఎంపిక పోటీలో మొదటి ఇద్దరికే రాష్ట్ర జట్టులో చోటు. కిందటేడాది ఆమె మూడో స్థానంతో గుణదలలోని ఇంటికి తిరిగిపోయింది.

"రోజూ ఇదే గొడవ సార్. మొదటి మేగజైన్ సగంలో ఆగుద్ది. గట్టిగా తోస్తే పోయినట్టే ఉంటుంది, ఒక తూటా పేలగానే ఊడి కాళ్ల మీద పడుద్ది. పోటీలో అలా పడితే తప్పు నాదేనంట. మిగిలిన నాలుగు తూటాలకీ సున్నాలే."

"సున్నాలంటే మరీ అన్యాయమండీ," అంది టార్గెట్ కాగితాలు సర్దుతున్న మణెమ్మ. పొద్దున్నే క్లబ్ తలుపులు తీసేదీ, సాయంత్రం మూసేదీ ఆమే.

"నియమం నియమమే మణెమ్మా," అన్నారు మాస్టారు.

ఆ పిస్టల్‌లో ఐదు తూటాలు పట్టే డబ్బీ, అంటే మేగజైన్, పిడి అడుగు నుంచి లోపలికి పోతుంది. పిడి పక్కన, అరచేతి అంచు ఆనడానికి చిన్న చెక్క పీట ఉంటుంది. మర వదులు చేసి దాన్ని చేతి కొలతకు తగ్గట్టు పైకీ కిందికీ జరుపుకోవచ్చు. మాస్టారు స్కేలు పెట్టి చూశారు. హెలెన్ అమర్చుకున్న చోటు కన్నా పీట నాలుగు మిల్లీమీటర్లు కిందికి దిగి, మేగజైన్‌కు అడ్డం వస్తోంది.

"కారణం స్పష్టం. కాల్చినప్పుడల్లా పిస్టల్ అదురుతుంది. ఆ అదురుకు మర వదులవుతుంది. వదులైన పీటను భూమి లాగుతుంది. మధ్యలో ఇంకో చెయ్యి అక్కర్లేదు."

లక్ష్మీకాంత్ మరను వేళ్లతో తిప్పబోయాడు. అది కదల్లేదు.

"మరి జారినాక మర తనంతట తనే బిగుసుకుందాండీ?"

మాస్టారు కిటికీ బయటికి చెయ్యి చూపారు. "చెక్క తేమకు ఉబ్బి మరను పట్టేస్తుంది. కృష్ణ పక్కన ఉన్నాం మనం."

"వదిలేదీ పట్టేదీ ఒకే చెక్కా?"

"వేళను బట్టి."

"ముప్పై ఏళ్లుగా చెక్కతోనే బతుకుతున్నానండీ. ఇంత తెలివైన ముక్క నాకెప్పుడూ దొరకలేదు."

మాస్టారు ప్రయోగానికి పూనుకున్నారు. పీటను పైకి జరిపి, మర బిగించి, కొలతను పుస్తకంలో రాసుకున్నారు. మర్నాడు సాయంత్రానికి అది నాలుగు మిల్లీమీటర్లు దిగింది. మళ్లీ పైకి జరిపారు. ఆ మర్నాడూ సరిగ్గా నాలుగే.

"భూమి కూడా స్కేలు పెట్టుకునే లాగుతోందండీ," అన్నాడు లక్ష్మీకాంత్.

ఏ అవకాశాన్నీ పరీక్షించకుండా వదలడం శాస్త్రీయం కాదు కనుక మాస్టారు విచారణ కూడా జరిపారు.

"మణెమ్మా, హెలెన్ వెళ్లాక దీన్ని ఎవరైనా ముట్టుకుంటున్నారా?"

"లేదండీ. కోచ్‌గారు లాకర్లో పెట్టి తాళం వేస్తారు."

"పొద్దున?"

"పొద్దున మళ్లీ ఆయనే తీస్తారండీ. నేను తప్ప ఇంకెవరూ ముట్టరు."

'బయటివారి ప్రమేయం లేదు' అని రాసుకుని, ఆ పుటను లక్ష్మీకాంత్‌కు చూపించారు. "నీ నమ్మకం ఇక్కడితో సరి."

శుక్రవారం నాటికి హెలెన్ ఓపిక అయిపోయింది. "మీ ఇద్దరిలో ఎవరు గెలుస్తారో తర్వాత తేల్చుకోండి సార్. ఎల్లుండి పోటీ మధ్యలో ఈ పీట జారితే నేను మళ్లీ మూడోదాన్నే."

"మేకు కొట్టేస్తాను," అన్నాడు లక్ష్మీకాంత్. "ఇక ఎక్కడికి పోద్దో చూద్దాం."

మణెమ్మ చేతిలోని కాగితాలు పక్కన పెట్టింది. "మేకు వద్దండీ. కొడితే ఇక జరగదు."

"జరగకూడదనేగా తల్లీ కొట్టేది."

"అది కాదండీ. పీట జోలికి పోకుండా, మేగజైన్ తగిలే చోట చెక్క కోసేస్తే పోలా? అది ఎంత కిందకున్నా అడ్డం రాదు."

ఇద్దరు పెద్దమనుషులూ పీట వైపు చూశారు, ఆ తర్వాత ఒకరి వైపు ఒకరు.

"ఆలోచన సబబుగానే ఉంది," అన్నారు మాస్టారు. "మన మాటలు వినగా వినగా అబ్బింది."

లక్ష్మీకాంత్ సన్న ఉలితో పీట లోపలి అంచున నెలవంకలా గాడి తీసి, ఉప్పుకాగితంతో నునుపు చేశాడు. ఖాళీ మేగజైన్ టక్కున లోపలికి పోయి నిలిచింది.

"బాగా కిందికి దించి కూడా చూడండి," అంది మణెమ్మ.

దించి చూశారు. అప్పుడూ నిలిచింది. హెలెన్ ఇరవైసార్లు తీసి పెట్టి చూసుకుంది. ఇరవైసార్లూ అది ఎక్కడా పట్టలేదు. "ఇక నా చెయ్యి ఎట్లా పనిచేస్తే అట్లా," అంటూ చాలా రోజుల తర్వాత నవ్వింది.

ఆదివారం హెలెన్ పన్నెండు మేగజైన్లు మార్చింది. ఒక్కటీ ఊడలేదు. మాస్టారు పుస్తకం తెరిచి, 'పీట జారడానికి కారణం: అదురు, భూమ్యాకర్షణ, తేమ' అని రాసి, కింద రెండు గీతలు గీశారు.

సాయంత్రం మహిళల పిస్టల్ ఫలితాలు గోడకు అంటించారు. మాస్టారు కళ్లజోడు సవరించుకుని కింది నుంచి పైకి చదివారు. హెలెన్ రెండో స్థానంతో జట్టుకు ఎంపికైంది.

మొదటి స్థానం మణెమ్మది.