ఏ వీధికి ఏ తప్పు

“పడవలవాళ్ల వీధిలో ఏం చెప్పాలి?” అడిగాడు బాబాయి.

“మిల్లు బట్ట మీద పన్ను వేయించింది, మన చొక్కాల ధర పెరిగింది అని,” అప్పజెప్పాడు అబ్బాయి.

“మరి వంతెన?”

“ఆ ఊసు బజారువీధిలో.”

“పడవలవాళ్ల దగ్గర ఎత్తావంటే?”

“మన కొంప మునుగుతుంది బాబాయ్.”

బాబాయి తృప్తిగా మీసం దువ్వుకున్నాడు.

కలప అడితి నడుపుకునే ఆ బాబాయికి ఈ జన్మకి మిగిలింది ఒకటే కోరిక. లెక్కల టీచరమ్మని శాసనసభ నుంచి ఇంటికి పంపాలి. ఆవిడ రాకముందు ఆ కుర్చీ ఈయనదే. కూర్చున్నన్నాళ్లూ హాయిగా కూర్చున్నాడు. సభలో ఈయన చెయ్యి పైకి లేచిందంటే ఆవులింత వచ్చినప్పుడే. అలాంటి మనిషిని, బళ్లో ఎక్కాలు చెప్పుకునే ఆవిడ వచ్చి వరసగా రెండుసార్లు మట్టి కరిపించింది. ఇక నీకు టిక్కెట్టు లేదు పొమ్మంది పార్టీ.

అందుకే అన్నకొడుకుని నిలబెట్టాడు. అన్న పోయాక తన చేతులమీద పెంచిన పిల్లవాడు. ఇప్పుడు నలభైకి దగ్గరపడ్డ లాయరు. బాబాయి మాటకి ఎదురు చెప్పి ఎరగడు.

టీచరమ్మ సభలో దేనికి చెయ్యెత్తిందో, దేనికి వద్దందో బాబాయి కూపీ లాగాడు. ఏ వీధిలో ఎవరుంటారో, ఎవరి పొట్ట ఎక్కడ కాలుతుందో ఆయనకి కొట్టినపిండి. రెండూ కలిపి, ఏ వీధిలో ఆవిడ ఏ తప్పు ఎత్తిచూపాలో అబ్బాయికి నూరిపోశాడు. ఇంక గెలుపు జేబులో ఉన్నట్టే.

వ్యాను పడవలవాళ్ల వీధిలోకి తిరిగింది. అబ్బాయి మైకు అందుకున్నాడు.

“అన్నల్లారా, ఏటి మీద వంతెన వద్దని ఓటేసింది ఎవరు? ఆ టీచరమ్మే.”

బోర్లించిన పడవకి తారు పూస్తున్న ముసలాయన చెయ్యి ఆపాడు. “నిజంగానా బాబూ? వంతెన తెచ్చి మా నోట్లో మట్టి కొడుతుందని ఇన్నాళ్లూ ఆ తల్లినే తిట్టుకుంటున్నాం.”

వీధంతా చప్పట్లు.

వ్యానులో బాబాయి తల పట్టుకున్నాడు. “ఒరే, వంతెన బజారువీధిలోరా.”

“కంగారులో కలగాపులగం అయిపోయింది బాబాయ్. చూడు, ఒళ్లంతా చెమటలు.”

నేతవీధిలో మిల్లు బట్ట మీద పన్ను సంగతి ఎత్తాడు. మగ్గాల చప్పుడు ఆగింది. మగ్గం గుంటలో కూర్చున్న ఒకావిడ మెడ చాచి, “మన బట్ట కూడా నాలుగు మూరలు అమ్ముడుపోవాలని చూసే మనిషి ఒకరున్నారన్నమాట,” అని పక్కావిడతో అంది. బాబాయి వ్యాను కిటికీ అద్దం పైకి ఎత్తేసుకున్నాడు.

పింఛనుదార్ల కాలనీలో, రాత్రిపూట మైకులు మోగకూడదన్న బిల్లుకి ఆవిడ సరేనందని మైకులో గొంతు చించుకున్నాడు.

“మంచి పని చేసింది,” అన్నాడు గేటు దగ్గర నిలబడ్డ రిటైర్డ్ స్టేషన్ మాస్టరు. “పగలు కూడా వద్దనాల్సింది. ముందు నీది కట్టు నాయనా.”

అబ్బాయి వినయంగా కట్టేశాడు.

తీరా అసలైన బజారువీధికి వచ్చేసరికి గొంతు పోయింది. రెండు చేతులూ గాలిలో వంపు తిప్పి వంతెన చూపించాడు. పొట్ట చూపిస్తున్నాడనుకుని, పాపం ఆకలేసినట్టుందని ఎవరో అరటిపళ్లు తెచ్చిపెట్టారు.

“కోర్టులో కూడా ఇలాగే వాదిస్తావురా? నీ కక్షిదారులు ఒక్కరైనా బయట తిరుగుతున్నారా?” అన్నాడు బాబాయి.

“కోర్టులో నువ్వుండవుగా బాబాయ్,” అన్నాడు అబ్బాయి, లేని గొంతుతో. “నువ్వు పక్కనుంటేనే నాకు బెదురు.”

బాబాయి కోపం సగం దిగింది. పెంచినవాడంటే ఉండే భయం మరి. ఎక్కడికి పోతుంది?

టీచరమ్మ మనుషులు గోడ మీద అబ్బాయి బొమ్మకి గాడిద చెవులు గీశారు. ఆవిడ దగ్గరుండి చెరిపించింది. “ఆయన చెప్పేవి అబద్ధాలేం కావు. నా ఓట్లు నాకంటే బాగా అప్పజెబుతున్నారు,” అందట. ఆ మాట విని బాబాయికి పుండు మీద కారం చల్లినట్టయింది.

ఓట్లు లెక్కపెట్టారు. పడవలవాళ్లు, నేతవాళ్లు, పింఛనుదార్లు అంతా గంపగుత్తగా ఆవిడకే గుద్దేశారు. బాబాయి వరండాలో కుర్చీ గోడవైపు తిప్పుకుని కూర్చున్నాడు.

“నా మైకు, నా వ్యాను, నా పెట్రోలు,” అన్నాడు గోడతో. “ఊరంతా తిప్పి ఆవిడకే ఓట్లు వేయించావు కదరా.”

అబ్బాయి వీధివైపు చూశాడు.

గెలిచినవాళ్లు ఆ సాయంత్రమే ఓడినవాళ్ల ఇంటికొచ్చి పలకరించడం ఆ ఊళ్లో మర్యాద. వెనక రెండుసార్లూ బాబాయి తలుపు గడియ పెట్టుకుని, తాను ఊళ్లో లేనని లోపలినుంచి తనే కేకేసి చెప్పాడు. ఈసారి ఆ ఓపిక కూడా లేదు.

టీచరమ్మ ఒక్కతే వచ్చింది. మెడలో దండ లేదు, వెనక జనం లేరు. అడితి దాటి వచ్చిన చెప్పులకి రంపపు పొట్టు అంటుకుని ఉంది. మెట్ల దగ్గర ఆగిపోయింది.

“బాగున్నారా?” అంది.

“గెలిచావుగా,” అన్నాడు బాబాయి, తల తిప్పకుండా. “నా కుర్చీ తీసుకున్నావు, నా పరువు తీసుకున్నావు. ఇంకేం మిగిలిందని వచ్చావమ్మా ఈ ఇంటికి?”

ఆవిడ అబ్బాయి వంక చూసింది. అబ్బాయి గొంతు సవరించుకున్నాడు. చెమటలు పట్టలేదు, మాట తడబడలేదు.

“పెళ్లయి ఏడాది దాటింది బాబాయ్,” అన్నాడు, “ఇవాళైనా నీ కోడల్ని లోపలికి రమ్మను.”