పక్క సీటు

"పొద్దున ఫోన్లో చెప్పాను కదండీ, ఆ ఎర్ర కారు ఎవరికీ చూపించొద్దని!"

పళ్ళ డాక్టరు కేక పాత కార్ల షాపంతా వినిపించింది.

షాపు యజమాని తల గోక్కున్నాడు. "వాళ్ళు మీకంటే ముందే వచ్చారు సార్. ఒక్క రౌండు వేసొస్తామంటే కాదనలేకపోయాను."

అంతలోనే ఎర్ర కారు గేటులోంచి లోపలికి వచ్చింది. రెండే సీట్లున్న స్పోర్ట్స్ కారు. చేత్తో గేర్లు మార్చుకోవాలి. అలాంటివి చేయడం మానేసి కంపెనీ ఇప్పుడు అన్నీ ఆటోమేటిక్‌లే చేస్తోంది. డాక్టరు చదువుకునే రోజుల నుంచీ దీనికోసం కలలు కన్నాడు. గేరు మార్చనివాడు డ్రైవరే కాదని స్నేహితులతో గొంతు చించుకుని వాదించిన మనిషి.

కారు దిగిందెవరయ్యా అంటే, జుట్టు నెరిసిన ఒక పెద్దమనిషి. పక్క సీట్లో ఆయన భార్య నల్లకళ్ళజోడు పెట్టుకుని, గేరు రాడ్ మీద చెయ్యేసి అలాగే కూర్చుంది.

దారంతా చేతిలో చెయ్యేసుకుని వచ్చారు కాబోలు, ఈ వయసులో సరసాలొకటి, అనుకున్నాడు డాక్టరు.

"దీన్నే తీసుకుంటాం" అన్నాడు పెద్దాయన యజమానితో.

డాక్టరు గబగబా దగ్గరికి వచ్చాడు. వెంటనే ముఖానికి నవ్వు పులుముకున్నాడు.

"అంకుల్, ఒక్క మాట. ఈ ట్రాఫిక్‌లో క్లచ్ తొక్కీ తొక్కీ మీ మోకాలు అరిగిపోతుంది. ఇదే కారు ఆటోమేటిక్‌ది పక్కనే ఉంది చూడండి. హాయిగా వెళ్ళొచ్చు."

"నాకైతే అదే సుఖం బాబూ. మా ఆవిడకే పనికిరాదు. మా పాత బండీ ఇలాంటిదే, చేతికి అలవాటు. అది పాడైపోయాక ఇంకోటి దొరకలేదు."

"ఆంటీకేముందండీ? పక్కన కూర్చోవడమేగా!"

పెద్దాయన ముఖం చిన్నబోయింది. ఏదో చెప్పబోయాడు.

"వద్దులెండి" అంది ఆవిడ కారులోంచి.

డాక్టరు కిటికీ దగ్గర వంగాడు. "ఆంటీ, మీరైనా చెప్పండి. ఇదొక్కటే నా ఆశ."

ఆవిడ కన్నెత్తి కూడా చూడలేదు. ముందున్న అద్దం వైపే ముఖం పెట్టుకుని కూర్చుంది. డాక్టరుకి ఒళ్ళు మండింది.

"ఇంత మంచి బండి పెద్దవాళ్ళ చేతిలో మూలపడటం అన్యాయమండీ" అన్నాడు, ఆవిడకి వినబడేలా.



ఆవిడ గేరు రాడ్‌ని అరచేత్తో ఒకసారి నిమిరింది. "ఇచ్చేద్దామండీ. బండంటే ప్రాణం పెట్టేవాడిలా ఉన్నాడు, బాగా చూసుకుంటాడు" అంది భర్తతో.

తర్వాత డాక్టరుతో, "రెండో గేరు కాస్త మొండిది నాన్నా. తొందరపెట్టకు. ఇంజను గొంతు మారేదాకా ఆగితే అదే పడుతుంది" అంది.

నడిపేది ఆయన, ఉపదేశాలు ఈవిడవి! నవ్వుకున్నాడు డాక్టరు. ఆవిడ కారు దిగే సమయానికి అతను లోపల కాగితాల మీద సంతకాలు పెడుతున్నాడు.

మోజు ఎన్నో నెలలు నిలవలేదు. క్లినిక్‌కి వెళ్ళే దారంతా ట్రాఫిక్. మోకాలు పట్టేసింది డాక్టరుకే. నలుగురిలో రెండో గేరు కీచుమని పరువు తీసేది. విసుగెత్తి ఎర్ర కారు అమ్మేసి కొత్త ఆటోమేటిక్ కొనుక్కున్నాడు. కొన్నవాళ్ళు దాన్ని విడిభాగాల కోసం ఊడదీసేశారని తర్వాత తెలిసింది. అయ్యో అనుకుని ఊరుకున్నాడు.

ఒకరోజు పన్ను నొప్పితో పెద్దాయన అతని క్లినిక్‌కే వచ్చాడు.

డాక్టరు గుర్తుపట్టి సంబరపడ్డాడు. "అంకుల్! నేనూ ఆటోమేటిక్‌కి మారిపోయానండీ. నాకు ఎర్ర కారిచ్చి మీరు తీసుకున్న ఆటోమేటిక్ ఎలా ఉంది?"

నోరు తెరుచుకుని ఉన్న పెద్దాయన చేత్తో ఆగమన్నాడు. పుక్కిలించి ఉమ్మి, మూతి తుడుచుకున్నాడు.

"షెడ్డులో ఉంది బాబూ. మా ఆవిడ కారెక్కడం మానేసింది."

"అదేంటండీ?"

"కూర్చోవడమే అయితే ఇంట్లోనే కూర్చుంటానంది."

డాక్టరు చేతిలోని పరికరం కింద పెట్టేశాడు.

"మరి ఎర్ర కారు ఉందా? అమ్మేటట్టయితే..." అన్నాడు పెద్దాయన.

డాక్టరు చెప్పలేక చెప్పాడు. పెద్దాయన కుర్చీలోంచి మెల్లగా లేచాడు.

"తనకి మాత్రం చెప్పకు. బయటే కూర్చుంది. టాక్సీలో వచ్చాం."

ఆయన వెనకే డాక్టరూ బయటికి వచ్చాడు. బెంచీ మీద ఆవిడ, అదే నల్లకళ్ళజోడు.

"నమస్కారం ఆంటీ."

గొంతు గుర్తుపట్టి ఆవిడ నవ్వింది. రెండు చేతులూ జోడించింది, అతను లేని వైపుకి.

"నువ్వా నాన్నా! రెండో గేరు మాట వింటోందా?"

డాక్టరు పెద్దాయన వైపు చూశాడు.

"వింటోంది ఆంటీ."

"నేను చెప్పలా!" అంది భర్తతో, గర్వంగా.

ఆవిడని టాక్సీలో కూర్చోబెట్టి, పెద్దాయన మందుల చీటీ కోసం వెనక్కి వచ్చాడు. డాక్టరు అది రాసిచ్చాడు.

"అంకుల్, ఆరోజు గేరు మీద ఆంటీ చెయ్యి..."

పెద్దాయన చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"పడుచుతనంలో నన్ను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని రేసులు గెలిచిన మనిషి బాబూ. చూపు పోయాక స్టీరింగు పట్టుకుని దారి చూడటం నా పని, ఇంజను విని తను 'ఊఁ' అంటే క్లచ్ తొక్కడం నా పని; కారు నడిపింది మాత్రం ఎప్పుడూ తనే."