దారి లేని గేటు

జేబులోంచి సగం బయటకు తీసిన విజిటింగ్ కార్డును త్రినాథ్ మళ్ళీ లోపలికి తోసేశాడు.

పక్క కుర్చీలోని పెద్దాయనకు కంపెనీ ఏదీ లేదట.

"మరి ఏం చేస్తారండీ మీరు?"

"కాస్త పొలం ఉంది బాబూ. అంతే."

కాస్త పొలం ఉన్నవాడికి రియల్ ఎస్టేట్ సదస్సులో ఏం పని? భోజనానికి వచ్చి ఉంటాడు అనుకున్నాడు త్రినాథ్.

వాడరేవు ఒడ్డున రిసార్టు. చల్లటి హాలు. అద్దాల అవతల సముద్రం చప్పుడు లేకుండా ఊగుతోంది.

గుంటూరు నుంచి ఒంగోలు దాకా ప్లాట్లు వేసేవాళ్ళు, అమ్మేవాళ్ళు అంతా అక్కడే ఉన్నారు. ఆ హాల్లో ఎవరూ ఎవరి మొహమూ చూడరు. మెడలో వేలాడే ట్యాగు చూస్తారు. పెద్ద పేరుంటే పళ్ళికిలిస్తారు. లేకపోతే దాటిపోతారు.

పెద్దాయన ట్యాగు తిరగబడి ఉంది. తెల్లటి వెనక వైపే కనిపిస్తోంది.

త్రినాథ్ తిప్పి చూడలేదు. అతను వచ్చింది ఒకే ఒక్క మనిషి కోసం.

అద్దంకి దగ్గర వెంచర్ వేశాడు త్రినాథ్. రంగుల గేటు కట్టాడు. దారి వచ్చేస్తుందని నోటిమాట మీద ప్లాట్లు అమ్మేశాడు. గేటు ముందు దారి లేదు. పత్తిచేను ఉంది. ఆ చేను గౌస్ బాషా అనే ఆయనది. ఉండేది వినుకొండలో. వెళ్ళినప్పుడల్లా ఇంటికి తాళం. బ్రోకర్లు ఫోన్ చేస్తే ఎత్తడు.

బడిలో వంట చేసే సుబ్బరావమ్మ ఆ వెంచర్లో ఇల్లు మొదలుపెట్టింది. ట్రాక్టరు వెళ్ళే దారి లేదు. తట్టలో ఇటుకలు పెట్టుకుని, నెత్తిన మోస్తూ చేనుగట్టు మీద నడుస్తోంది.

"సోమవారానికి దారి చూపించకపోతే అందరం వచ్చి నీ వాకిట్లోనే పొయ్యి పెడతాం" అని తెగేసి చెప్పింది.

అప్పటినుంచి త్రినాథ్ కంటి మీద కునుకు లేదు.

రియల్టర్ల సంఘం కార్యదర్శి కోటిరత్నం పొద్దున రిసార్టు గేటు దగ్గరే అతన్ని పక్కకు లాగింది.

"ఒరేయ్ తమ్ముడూ, గౌస్ బాషా గారికి ఇవాళ సన్మానం. పర్చూరులో ఓ కాలనీకి పైసా తీసుకోకుండా దారి వదిలారు. నేను స్టేజీ మీద మైకులో పిలుస్తా. లేచిన మనిషే ఆయన. దిగగానే పట్టుకో. మధ్యాహ్నం రైలెక్కితే నెలన్నర దాకా దొరకరు."

ఆ లేచే మనిషి కోసమే త్రినాథ్ కళ్ళు హాలంతా తిరుగుతున్నాయి.

"ఏ ఊరు బాబూ మనది?" పెద్దాయన వదల్లేదు.

"అద్దంకి."

"అద్దంకిలో ఎక్కడ..."

"మీటింగ్ మొదలైందండీ."

లైట్లు తీసేశారు. తెర మీద ఏవో బొమ్మలు కదులుతున్నాయి.

చీకట్లో పెద్దాయన గొంతు తగ్గించి అన్నాడు.

"ప్రయాణం మీద పోతున్నా బాబూ. నావల్ల ఏదన్నా ఇబ్బంది కలిగుంటే మనసులో పెట్టుకోమాక."

"అసలు మిమ్మల్ని చూడటం ఇదే మొదటిసారి కదండీ!"

"తెలియకుండా కూడా ఇబ్బంది పెడతాం కదా."

ముసలాడికి మతి చలించింది అనుకున్నాడు త్రినాథ్.

"పరిచయాలే మన పెట్టుబడి" అంటున్నారు మైకులో ఎవరో. ఆ మాట మెల్లగా దూరమైంది. సముద్రం దగ్గరికొచ్చింది. సముద్రం కాదు. పత్తి. కనుచూపు మేరా తెల్లగా విచ్చుకున్న పత్తి.

ఎవరో ముందు నడుస్తూ మొక్కల్ని చేత్తో పక్కకు జరుపుతున్నారు. జరిపినచోటల్లా దారి పడుతోంది. ఇటుకల ట్రాక్టరు మీద కూర్చుని సుబ్బరావమ్మ నవ్వుతూ పోతోంది. ఎండకు ఆరిన నూలు చొక్కా వాసన. ఎక్కడో ఎవరి పేరో పిలుస్తున్నారు. మళ్ళీ పిలుస్తున్నారు. లేవాలని ఉంది. కానీ తలకింద పత్తి మెత్తగా ఉంది.

కళ్ళు తెరిచేసరికి హాల్లో లైట్లు వెలుగుతున్నాయి. జనం భోజనాలకు పోతున్నారు.

త్రినాథ్ తల పెద్దాయన భుజం మీద ఉంది. చొక్కా మీద చొంగ తడి.

పెద్దాయన కదలకుండా నిటారుగా కూర్చుని ఉన్నాడు.

"ఎన్నాళ్ళ నిద్రో పాపం" అని నవ్వాడు. "బాబూ, అద్దంకిలో నీ..."

"తర్వాత, తర్వాత!" అంటూ త్రినాథ్ స్టేజీ వైపు పరిగెత్తాడు.

మైకు సర్దుతున్న కుర్రాడు చెప్పాడు. "గౌస్ బాషా గారా? మళ్ళీ మళ్ళీ పిలిచారండీ. ఒక్కరూ లేవలేదు. రాలేదేమో."

హమ్మయ్య! నిద్రపోయి పోగొట్టుకున్నదేమీ లేదు.

త్రినాథ్ పచ్చికలో భోజనాల దగ్గరికి పోయాడు. సిమెంటు డీలరుకు కార్డిచ్చాడు. బ్యాంకు మేనేజరుకు కార్డిచ్చాడు. పెద్ద ట్యాగు కనిపించిన ప్రతివాడికీ ఇచ్చాడు. జేబు ఖాళీ అయింది.

అప్పుడొచ్చింది కోటిరత్నం, గేటు వైపు నుంచి, రొప్పుకుంటూ.

"ఎక్కడ చచ్చావురా? ఫోన్ ఎత్తవేం?"

"సైలెంట్‌లో ఉందక్కా. అయినా ఆయన రాలేదుగా!"

"రాకపోవడమేంట్రా! గేటు దగ్గరే శాలువా కప్పి, హజ్ యాత్రకి సాగనంపి వస్తున్నా. 'పోయేలోపు అద్దంకి దారి సంగతి తేల్చేస్తా, ఆ వెంచర్ అబ్బాయిని చూపించమ్మా' అన్నారు. నీకోసం హాలంతా వెతికా. రైలు టైమైందని ఆటో ఎక్కేశారు."

త్రినాథ్ గేటు వైపు చూశాడు.

"మరి నువ్వు పిలిచినప్పుడు లేవలేదేం?"

"నేనూ అదే అడిగా" అంది కోటిరత్నం. "'వినపడింది తల్లీ, కానీ ఎవరో అబ్బాయి అలిసిపోయి నా భుజం మీద నిద్రపోతున్నాడు, లేస్తే మెలకువొస్తుందని కూర్చుండిపోయా' అన్నారు."